ప్రేమదాసుగారి పాట

జాయిస్ ఫోన్ అందించి, "ముందు కళ్ళజోడు పెట్టుకో పెద్దమ్మా" అంది. పరిమళ టీచరు పెట్టుకుంది. నోటీసు మూడుసార్లు చదివింది. ముప్పై ఒక్క ఏళ్ళు ప్రభుత్వ పాఠశాలల్లో తెలుగు చెప్పిన మనిషి. ఏ కాగితమైనా మొదటిసారి అర్థం కోసం, రెండోసారి తప్పుల కోసం చదువుతుంది. మూడోసారి చదివే అవసరం ఎప్పుడో గానీ రాదు.

నోటీసులో ఉన్నది ఇది. జగ్గయ్యపేటలో వాళ్ళ చర్చి నడిపే యూట్యూబ్ చానల్లోంచి ఒక పాట వీడియో తీసేశారు. ఆ పాట మీద హక్కు విజయవాడలోని ఒక ఆడియో కంపెనీది. రచన: ప్రేమదాసు. చానల్ మీద ఇది రెండో ఫిర్యాదు. మూడోది నిలబడితే చానల్ మొత్తం పోతుంది.

ఆ పాట రాసింది పరిమళ టీచరు.

"మొదటి ఫిర్యాదు ఎప్పుడొచ్చింది?" అని అడిగింది.

"క్రిస్మస్‌కి ముందు. ఏదో పొరపాటున వచ్చిందనుకున్నా. వదిలేసా."

జాయిస్ ఆమె చెల్లెలి కూతురు. నందిగామలో ఒక ప్రైవేటు స్కూలు ఆఫీసులో పనిచేస్తుంది. చర్చి చానల్ చూసుకునేది కూడా తనే. కోవిడ్ రోజుల్లో మొదలుపెట్టారు. ఇప్పటికి నాలుగువందల పైచిలుకు వీడియోలున్నాయి. మంచం దిగలేనివాళ్ళు పదిమంది దాకా ఆదివారం ఆరాధన అందులోనే చూస్తారు.

జాయిస్ ఇంకొక మాట చెప్పడానికి వెనకాడి, చివరికి చెప్పింది. పాస్టరు శాంతికుమార్‌గారు ఈ సంగతి నిన్ననే విన్నారు. రెండు వారాల్లో కోతపండుగ. ఆ రోజు ఆరాధన కూడా ఫోన్లో ప్రసారమవుతుంది. అందుకని ఈసారి ఆ పాట వద్దు, వేరే పాట నేర్పించమని గాయకబృందానికి చెప్పేశారు.

పరిమళ టీచరు ఫోన్ తిరిగి ఇచ్చేసింది. ముప్పై ఐదేళ్ళలో ఆ పాట లేకుండా ఆ చర్చిలో కోతపండుగ జరగలేదు.

*

ఆ పండుగ సంగతి తెలియనివాళ్ళకి కొంత చెప్పాలి. ఫిబ్రవరిలో ఒక ఆదివారం, పొలం ఉన్నవాళ్ళు తొలిపంటలో కొంత చర్చికి తెస్తారు. కందులు, జొన్నలు, మిరపకాయలు, గుమ్మడికాయలు, కోళ్ళు. ఆరాధన అయ్యాక వాటిని ఆవరణలోనే వేలం వేస్తారు. ఎక్కువ ధర చెప్పినవాళ్ళు పట్టుకెళ్తారు. తెచ్చినవాళ్ళ పేరు ఎవరూ చెప్పరు. అర్పణ మీద పేరు ఉండకూడదని పెద్దల మాట. కొన్నవాళ్ళ పేరు మాత్రం ఏడాదంతా చెప్పుకుంటారు. ఫలానా ఏడు పెద్ద గుమ్మడికాయ రత్తయ్యది, ఫలానా ఏడు నల్లకోడి సౌభాగ్యమ్మది అంటారు. అవి పండించినవాళ్ళూ పెంచినవాళ్ళూ వేరు.

తొంభై ఒకటిలో పరిమళ ముక్త్యాల హైస్కూల్లో కొత్తగా చేరిన తెలుగు పండితురాలు. సెంటు భూమి లేదు. బజార్లో గుమ్మడికాయ కొని తీసుకెళ్తానంటే తల్లి ఆదెమ్మ ఒప్పుకోలేదు. కొనుక్కొచ్చిన కాయ నీ పంట ఎట్లా అవుతుందని అడిగింది. నీ చేతిలోంచి వచ్చింది ఏదన్నా ఉంటే అది తీసుకెళ్ళమంది. పరిమళ రెండు రాత్రులు కూర్చుని పాట రాసింది. వరస మాత్రం ఆదెమ్మ కలుపు తీసేటప్పుడు పాడుకునేది. తెల్లకాగితం మీద తప్పు లేకుండా ఎత్తిరాసి, కింద పేరు పెట్టకుండా, కందుల గంపకీ మిరపకాయల బుట్టకీ మధ్య పెట్టింది.

వేలం వేసే పెద్దమనిషి కాగితం ఎత్తి చూపించి, ఇదేంట్రా అని నవ్వి, పైకి చదివి, నవ్వడం మానేసి వేలం మొదలుపెట్టాడు. హెడ్మాస్టరుకీ, క్వారీలో మేస్త్రీగా చేసే ప్రేమదాసుకీ పోటీ పడింది. ప్రేమదాసు గెలిచాడు. చదవడం రాదు. కాగితానికి అద్దం కట్టించి ఇంట్లో వేలాడదీసుకున్నాడు. పిల్లల చేత చదివించుకుని బట్టీ పట్టాడు. మరుసటి ఏడు కోతపండుగలో గొంతెత్తి పాడాడు. అప్పట్నించి అది ప్రేమదాసుగారి పాట అయింది.

పరిమళ టీచరు అభ్యంతరం చెప్పలేదు సరికదా, తను కూడా ఆ పేరే అనేది. "పిల్లలూ, ప్రేమదాసుగారి పాట రెండో చరణం అందుకోండి" అని ఆమె గాయకబృందానికి ఎన్నిసార్లు చెప్పి ఉంటుందో లెక్కలేదు.

*

ఆ సాయంత్రం ఆమె పాస్టరు ఇంటికి వెళ్ళింది. శాంతికుమార్ రెడ్డిగూడెం వైపు మనిషి. ఈ చర్చికి వచ్చి మూడేళ్ళయింది. కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, ఆమె చెప్పిందంతా విన్నాడు. పాట ఆమె రాసిందని ఆయనకి ఆ రోజే తెలిసింది. ప్రేమదాసుగారనే పెద్దాయన రాశాడని వచ్చినప్పట్నించీ అనుకుంటున్నాడట. ఎవరూ వేరేగా చెప్పలేదట.

"టీచరుగారూ, నేను మీ మాట కాదనట్లేదండి. చానల్ పోతే మంచంలో ఉన్నవాళ్ళకి నేనేం చెప్పను? ఒక్క ఏడాదే కదా. ఆ కంపెనీవాళ్ళతో మాట్లాడండి. పాట మీదేనని వాళ్ళు ఒప్పుకుంటే వచ్చే ఏడు పాడుకుందాం."

ఆమె కంపెనీకి ఫోన్ చేసింది. మొదటి రోజు ఎవరూ ఎత్తలేదు. రెండో రోజు ఎత్తినతను హక్కుల విభాగానికి కలుపుతానని చెప్పి కలపలేదు. మూడో రోజు ఒకతను మర్యాదగా మాట్లాడాడు. పాట ప్రేమదాసుగారి కుటుంబం దగ్గర తీసుకున్నామనీ, అగ్రిమెంటు ఉందనీ, రచయిత పేరుకి అచ్చయిన ఆధారం కూడా ఉందనీ చెప్పాడు. ఏం ఆధారమని అడిగితే వాట్సాప్‌లో ఫోటో పంపాడు.

అది చర్చి డెబ్భై ఐదేళ్ళ ఉత్సవానికి రెండువేల ఎనిమిదిలో వేసిన సంచిక. నలభై రెండో పేజీ. పైన పెద్ద అక్షరాల్లో "ప్రేమదాసుగారి పాట". కింద మూడు చరణాలు.

పరిమళ టీచరు బీరువాలోంచి తన ప్రతి తీసింది. చివరి పేజీలో కృతజ్ఞతలున్నాయి. అచ్చుతప్పులు దిద్దినవారు: పరిమళ టీచరు. ఆమెకి గుర్తుంది. నలభై రెండో పేజీలో ప్రెస్సువాళ్ళు మూడో చరణంలో 'పరిగె' బదులు 'పరుగు' అని కొట్టారు. ఎర్రసిరాతో కొట్టేసి దిద్దింది. పైనున్న పేరు జోలికి పోలేదు. అందులో తప్పుందని తోచలేదు.

"నువ్వే దిద్ది, నువ్వే వదిలేసావా?" అంది జాయిస్.

"పాఠం చెప్తున్నావా నాకు?"

జాయిస్ ఫోన్లో కంపెనీవాళ్ళ వీడియో పెట్టింది. అప్పటిదాకా పరిమళ టీచరు దాన్ని చూడలేదు. మొదట ప్రేమదాసు ఫోటో వచ్చింది. తర్వాత గోధుమ చేను. మన మెట్టలో గోధుమ ఎవరు వేశారని అడిగింది. అది యంత్రం గీసిన బొమ్మ పెద్దమ్మా, గోధుమే గీస్తుంది అంది జాయిస్. పాట బాగానే పాడారు. మూడో చరణం వచ్చింది.

ఆమె రాసింది ఇది:

కోసినవారు కట్టలు తెచ్చిరి
కోయని నేను పరిగె తెచ్చితి

వీడియోలో అమ్మాయి పాడింది "కోయని నేను పసిడి తెచ్చితి" అని.

పరిమళ టీచరు మళ్ళీ పెట్టించుకుని విన్నది. పసిడే. కింద అక్షరాల్లో కూడా అదే.

కోత అయిపోయాక చేలో రాలిన కంకులూ గింజలూ ఏరుకుంటే దాన్ని పరిగె అంటారు. ఆదెమ్మ కోత కూలికి వెళ్ళేది. కూలి పని లేని రోజు పరిగెకి వెళ్ళేది. పరిమళ టీచర్ ట్రైనింగ్ చేసిన రెండేళ్ళూ ఇంట్లో వండుకున్న జొన్నల్లో సగం పరిగె జొన్నలు. పాట మొత్తం ఆ ఒక్క మాట కోసం రాసింది. మిగతా రెండు చరణాలు దాని దగ్గరికి రావడానికి.

పేరు పోయిందని తెలిసిన రోజు ఆమెకి విసుగొచ్చింది. మాట మార్చారని తెలిసాక అన్నం సయించలేదు.

*

ప్రేమదాసు పోయి తొమ్మిదేళ్ళయింది. కొడుకు జయరాజ్ ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు సూపర్‌వైజరు. బుధవారం మధ్యాహ్నం షిఫ్టు దిగే వేళకి పరిమళ టీచరు ఆటోలో అతని ఇంటికి వెళ్ళింది. లారీల వెనక ఆటో కదలక, అరగంటలో చేరాల్సింది గంట పట్టింది.

"వందనాలు అత్తయ్యా. ఫోన్ చేస్తే నేనే వచ్చేవాణ్ణి కదా" అన్నాడు జయరాజ్.

గోడ మీద అద్దంలో కాగితం ఉంది. సిరా గోధుమరంగుకి తిరిగింది. అక్షరాలు చెదరలేదు. ఆమె నిలబడే అడిగింది, పాట ఎందుకమ్మావని. అతను తడుముకోలేదు. కంపెనీవాళ్ళు పాత పాటల కోసం ఊరూరూ తిరుగుతూ వచ్చారట. ఇచ్చిన సొమ్ముతో చర్చికి స్పీకరు కొనిచ్చాడట. అతనికి కావల్సింది తండ్రి ఫోటోనట. వీడియో మొదట్లో ఫోటో వేస్తామంటే సంతకం పెట్టాడు.

"పాట రాసింది నేనని నీకు తెలీదా?"

"తెలుసు అత్తయ్యా. నాన్న చెప్పేవాడు. మరి కొన్నాడు కదా. ఊరంతా చూసారు. వేలంలో కొన్నది కొన్నవాళ్ళదే కదా?"

"కొన్నది కాగితంరా."

"గుమ్మడికాయ కొన్నాక గింజలెవరివి? తెచ్చినవాళ్ళొచ్చి గింజలు వెనక్కిమ్మంటారా? ఇవ్వాళ మీరొచ్చి అడుగుతున్నారు గానీ, ముప్పై ఐదేళ్ళు మీరే ప్రేమదాసుగారి పాట అన్నారు కదా. నేను చిన్నప్పట్నించీ విన్నా."

తరగతిలో ఏ పిల్లవాడైనా ఈ ప్రశ్న అడిగి ఉంటే ఆమె మెచ్చుకునేది. అద్దం వైపు చూపించి, మూడో చరణం చదవమంది. జయరాజ్ గట్టిగా చదివాడు. పరిగె దగ్గరికి వచ్చి ఆగాడు.

"కంపెనీవాళ్ళు ఏం పాడించారు?"

"ఇప్పటి పిల్లలకి ఆ మాట తెలీదన్నారు. తెలిసిన మాట వేసుకుంటాం అన్నారు. సరే అన్నా."

"కోయని మనిషికి పసిడి ఎక్కణ్ణించి వచ్చింది? దొంగతనం చేసిందా?"

అతను తల వంచుకున్నాడు. భార్య టీ తెచ్చింది. కాగితం ఒక్క పదిరోజులు ఇవ్వమని అడిగితే మాత్రం ఇవ్వలేనన్నాడు. అది గోడ మీంచి దిగితే తండ్రి దిగినట్టే ఉంటుందన్నాడు. పరిమళ టీచరు టీ తాగి, వచ్చిన ఆటోలోనే వెనక్కి వచ్చింది.

*

నందిగామ కోర్టుల ఎదురు సందులో హరిచరణ్ ఆఫీసు. పరిమళ టీచరు నందిగామలో పనిచేసిన ఆరేళ్ళలో అతనికి ఎనిమిది నించి పది దాకా తెలుగు చెప్పింది. ఇప్పుడు సివిల్ కేసులు చూస్తాడు. ఎక్కువగా పొలం గట్లు, అన్నదమ్ముల పంపకాలు. ఆమెని చూసి లేచి నిలబడి, తన కుర్చీ ఇవ్వబోయాడు. ఆమె బల్లకి ఇవతలి కుర్చీలోనే కూర్చుంది.

కథంతా విని, పుస్తకం తీసి, ఒక గంట చదివాడు. కాపీరైటు కేసు తను ఎప్పుడూ వాదించలేదని ముందే చెప్పాడు. తర్వాత ఒక్కొక్కటే చెప్పాడు. కాగితం కొన్నంత మాత్రాన పాట మీద హక్కు రాదు. హక్కు బదిలీ కావాలంటే రాతపూర్వకంగా ఉండాలి, రాసినవాళ్ళ సంతకం ఉండాలి. ఎన్నేళ్ళకో రాయకపోతే ఐదేళ్ళకే చెల్లుతుంది. అంటే తొంభై ఆరు తర్వాత ఎట్లా చూసినా జయరాజ్ దగ్గర అమ్మడానికి ఏమీ లేదు. రిజిస్ట్రేషన్ లేకపోయినా హక్కు ఉంటుంది. ఇవన్నీ పక్కనపెట్టినా, రాసినవాళ్ళ పేరు చెప్పించుకునే హక్కు, తమ పరువుకి భంగం కలిగేటట్టు మాట మారిస్తే అడ్డుపడే హక్కు అమ్ముకున్న తర్వాత కూడా పోవు. దానికి యాభై ఏడో సెక్షన్ ఉంది.

"గుమ్మడికాయ సంగతి చెప్పు" అంది ఆమె.

"గుమ్మడికాయ గింజలు కొన్నవాడివేనండి. పాట గింజలు రాసినవాళ్ళవి. చట్టం అంతే."

"ఇది తెలిసుంటే బుధవారం ఆటోకి పెట్టిన డబ్బులు మిగిలేవి. ఇంతకీ పండుగ లోపు ఏం చేయగలవు?"

అక్కడ హరిచరణ్ పుస్తకం మూసాడు. కేసు విజయవాడలో వాణిజ్య కోర్టులో వేయాల్సి రావచ్చు. దానికి ముందు మధ్యవర్తిత్వానికి వెళ్ళమంటారు, అది కొన్ని నెలలు. అత్యవసరమని నేరుగా వెళ్తే, పాటకి అంత తొందరేమిటని జడ్జిగారు అడుగుతారు. పోనీ పాట రిజిస్టర్ చేయిద్దామంటే, దరఖాస్తు పెట్టాక ఎవరైనా అభ్యంతరం చెప్తారేమోనని నెలరోజులు ఆగుతారు. కంపెనీ చెప్పి తీరుతుంది. అప్పుడు విచారణ. యూట్యూబ్‌వాళ్ళకి ఎదురు నోటీసు ఇవ్వచ్చు గానీ అందులో కూడా రోజులుంటాయి.

"అంటే పాట నాదేనని చట్టం చెప్తుంది. చెప్పడానికి ఏడాది పడుతుంది."

"ఏడాదిలో అయితే అదృష్టమేనండి." అతను ఇబ్బందిగా నవ్వాడు. "ఢిల్లీలో ఇంతకన్నా పెద్ద గొడవ నడుస్తోంది టీచరుగారూ. యంత్రాలు పాటలు రాస్తున్నాయి కదా. వాటికి నేర్పించడానికి దేశంలో ఉన్న పాటలూ పుస్తకాలూ అన్నీ వాడుకోవచ్చు, రాసినవాళ్ళు వద్దనడానికి లేదు, రాయల్టీ మాత్రం ఇవ్వాలి అని ప్రభుత్వ కమిటీ ఒకటి ప్రతిపాదించింది. కొందరు ఒప్పుకోవట్లేదు. ఇంకా తేలలేదు."

"రాయల్టీ ఎవరికిస్తారు?"

"రికార్డులో రచయితగా ఎవరి పేరుంటే వాళ్ళకేనేమో."

"నా పాటకి రికార్డులో ఎవరి పేరుంది?"

హరిచరణ్ "ప్రేమదాసుగారి పేరండి" అన్నాడు.

ఆమె బల్ల మీది పెన్ను తీసుకుని మళ్ళీ అక్కడే పెట్టింది. సంతకం లేని కాగితం, ఇవ్వనంటున్న మనిషి, తనే దిద్దిన సంచిక. రాసింది నేనేనని ఎట్లా రుజువు చేస్తావని అడిగింది. అది మాత్రం తేలికేనన్నాడు హరిచరణ్. ఆ కాగితం మీద రాత ఎవరిదో పోల్చడానికి జగ్గయ్యపేట నించి నందిగామ దాకా సాక్షులు దొరుకుతారు. తన పాత నోటుబుక్కుల్లో ఎర్రసిరాతో అదే రాత ఉంది, అమ్మ ఇంకా పారెయ్యలేదు.

కంపెనీకీ జయరాజ్‌కీ నోటీసులు రాయడం మొదలుపెట్టాడు. మధ్యలో పెన్ను ఆపాడు.

"పరిగె అని రాసా. ఎందుకు ముఖ్యమో ఒక వాక్యంలో చెప్పాలండి. ఎక్కడి పరిగె?"

"మా అమ్మ ఏరింది."

"ఏ ఊళ్ళో?"

"మీ ఊళ్ళోనే. దశరథరామయ్యగారి చేలో."

దశరథరామయ్య హరిచరణ్ తాత. అతను తల ఎత్తలేదు. ఆ వాక్యం రాసి, కింద గీత గీసి, తర్వాతి పేరాకి వెళ్ళాడు. ఫీజు మాట ఆమె ఎత్తితే వినిపించుకోలేదు. మెట్లు దిగేటప్పుడు వెనకనించి పిలిచి ఇంకొకటి చెప్పాడు. ఆరాధనలో భాగంగా పాట పాడుకుంటే అది ఎవరి పాటైనా ఉల్లంఘన కాదు. చట్టంలో ఉంది. చిక్కంతా ఫోన్లో ప్రసారం చేయడంతోనే.

"ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా" అంది పరిమళ టీచరు.

*

శనివారం పాస్టరు ఒప్పుకున్నాడు. పాట ఉన్న నాలుగు నిమిషాలూ జాయిస్ ప్రసారం ఆపుతుంది. తర్వాత మళ్ళీ పెడుతుంది. పాటని పరిమళ టీచరు పాట అని ప్రకటించాలని ఆమె రెండుసార్లు చెప్పింది. ఆయన చీటీ మీద రాసుకున్నాడు. నోటీసు అందుకున్న జయరాజ్ మాత్రం ఫోన్ ఎత్తలేదు. పండుగకి రాడేమోనని జాయిస్ అంది. రాకపోతే మగవాళ్ళ వైపు గొంతు తగ్గుతుందని పరిమళ టీచరు అనుకుంది గానీ పైకి అనలేదు.

వచ్చాడు. మగవాళ్ళ వైపు నాలుగో వరసలో కూర్చున్నాడు. బలిపీఠం ముందు కందుల బస్తాలు, మిరపకాయల బుట్టలు, కాళ్ళు కట్టిన కోళ్ళు ఉన్నాయి. వాక్యపఠనం అయింది. జాయిస్ ఫోన్లో ప్రసారం ఆపి చెయ్యెత్తి చూపించింది. శాంతికుమార్ చీటీ చేతిలో పట్టుకుని, దాన్ని చూడకుండా, "ఇప్పుడు మనమందరం ప్రేమదాసుగారి పాట పాడుకుందాం" అన్నాడు.

పరిమళ టీచరు కళ్ళు మూసుకుంది.

"అయ్యగారూ."

జయరాజ్ లేచి నిలబడ్డాడు. చర్చిలో పాస్టరు మాట్లాడేటప్పుడు అట్లా లేచేవాళ్ళు లేరు.

"మా నాన్న కొన్నది కాగితం మాత్రమే అయ్యగారూ. పాట పరిమళ టీచరుగారిది."

కూర్చున్నాడు. ఆ మాటలు హరిచరణ్ నోటీసులో రెండో పేరాలో ఉన్నవే. బట్టీ పట్టి వచ్చాడని ఆమెకి తెలిసిపోయింది. తండ్రి కూడా అట్లాగే బట్టీ పట్టేవాడు.

శాంతికుమార్ చీటీ చూసుకుని సరిచేసి చెప్పాడు. హార్మోనియం మొదలైంది. ఒకటో చరణం, రెండో చరణం చర్చి అంతా పాడింది. మూడోది వచ్చింది. కోసినవారు కట్టలు తెచ్చిరి అన్నారు. తర్వాత రెండువందల గొంతులు ఒక్కసారిగా, కోయని నేను పసిడి తెచ్చితి అన్నాయి. అందరికన్నా పెద్దగా జయరాజ్ గొంతే వినపడింది. క్రిస్మస్ నించీ అందరి ఫోన్లలో మోగుతున్న పాట అది.

పరిమళ టీచరు లేచి పాటల పుస్తకంతో బెంచీ మీద రెండుసార్లు కొట్టింది. హార్మోనియం ఆగింది.

"ఏం తెచ్చారు?" అంది.

పదో తరగతి పిల్లల్లా అందరూ తలలు దించుకున్నారు. ఆమె దగ్గర చదివినవాళ్ళు వాళ్ళలో సగం మంది.

"పరిగె" అంది. "మళ్ళీ."

మళ్ళీ పాడారు. ఆడవాళ్ళ వైపు పరిగె అన్నారు, మగవాళ్ళ వైపు పసిడి అన్నారు. మూడోసారి రెండు వైపులా కలగలిసింది. అప్పుడు గాయకబృందం ముందు వరసలో అమ్మాయి ఒకతె చెయ్యెత్తింది. ఐదేళ్ళుగా ఆ పాట పాడుతున్న అమ్మాయి.

"టీచరుగారూ, పరిగె అంటే ఏంటండి?"

పరిమళ టీచరు ఆ అమ్మాయి వైపు చూసింది. ఐదేళ్ళు ఆ మాట ఆ పిల్లకి నేర్పింది తనే. అర్థం ఎప్పుడూ చెప్పలేదు. అందరికీ తెలిసిందే కదా అనుకుంది, పాట ఎవరిదో అందరికీ తెలుసనుకున్నట్టే. ఇప్పుడు కోతలన్నీ యంత్రాలతోనే. ఏరుకోవడానికి చేలో దిగినవాళ్ళని ఆ పిల్ల ఎప్పుడు చూస్తుంది?

"కోసినవాళ్ళు వెళ్ళిపోయాక చేలో రాలింది ఏరుకుంటారు. ఒంగుని, ఒక్కొక్క గింజా. దాన్ని పరిగె అంటారు. మా అమ్మ ఏరేది."

ఆగింది. తర్వాత మగవాళ్ళ వైపు తిరిగింది.

"జయరాజూ, మీ నాయనమ్మ కూడా ఏరింది. మీ నాన్న హెడ్మాస్టరు మీద పోటీకెళ్ళి కొన్నది ఆ మాట కోసం."

జయరాజ్ తల ఊపాడు. శాంతికుమార్ గడియారం చూసుకున్నాడు. జాయిస్ ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అది మోగకుండా వెలుగుతూ ఆరుతూ ఉంది. మంచాల్లో ఉన్నవాళ్ళు ఆరాధన ఎందుకు ఆగిందని ఫోన్లు చేస్తున్నారు.

"మూడో చరణం" అంది పరిమళ టీచరు. "మొదట్నించి."

నాలుగోసారి మగవాళ్ళ వైపు ఒకరిద్దరు పసిడి అన్నారు. నాలుగు నిమిషాలకని ఆపిన ప్రసారం అప్పటికి ఇరవై నిమిషాలు దాటింది. ఐదోసారి రెండు వైపులా ఒకే మాట వచ్చింది. ఆమె పుస్తకం బెంచీ మీద పెట్టి కూర్చుంది.